వెలిగొండ వాలు మీద గడ్డి, జంతువుల లెక్క: ఏ నెలలో, ఏ కొలతలతో?

గడ్డిపరక (ప్రశ్న)

అందరికీ నమస్కారం. ఉదయగిరి దాటి సీతారామపురం వైపు వెలిగొండ వాలు మీదా, కొండపాదం మేత బీళ్లలోనూ ఏమేం గడ్డి ఉంది, ఏ పొద ఎంత కమ్మింది, ఏ జంతువు తిరుగుతోంది అని ఒక లెక్క తీయాలి. గ్రామ జీవవైవిధ్య రిజిస్టరుకు పనికి రావాలి, డిగ్రీ పిల్లల ప్రాజెక్టుకూ పనికి రావాలి. నలుగురం ఉన్నాం. ఆరు రోజులకు మించి కుదరదు. డబ్బు కూడా అంతంత మాత్రమే.

సందేహాలు ఇవి. పుస్తకాల్లో గడ్డి సర్వేకి సెప్టెంబరు మంచిదని ఉంది, మన వైపు కూడా అదేనా? 1 మీటరు చదరపు చట్రం వేయమంటారు, అది కలివి పొదల్లో దిగేదెట్టా? గొర్రెలు మొదలంటా మేసేసిన చోట ఏది ఏ గడ్డో తేల్చడం ఎలా? జంతువుల్ని పట్టకుండా, కెమెరాలు రెండే పెట్టుకుని ఎంతవరకు చెప్పగలం?

తిప్పమీద

ముందు నెల సంగతి. సెప్టెంబరు అన్నది నైరుతి వానలతోనే బతికే ప్రాంతాలకు రాసిన మాట. నెల్లూరు జిల్లాకు వానలో పెద్ద వాటా అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య ఈశాన్యంలో పడుతుంది. ప్రకాశం పడమటి మండలాలకు రెండూ కలిసి వస్తాయి. మీరు సెప్టెంబరులో ఎక్కితే కనిపించేది పచ్చటి ఆకే, కంకి ఉండదు. కంకి లేని గడ్డికి పేరు పెట్టడమంటే ఊహించడమే.

ఒక్కసారే వెళ్లగలిగితే డిసెంబరు రెండో వారం నుంచి సంక్రాంతి లోపు వెళ్లండి. అంతకు ముందు వెళ్తే వాయుగుండాలు, వంకలు పారడం, నోటుపుస్తకాలు తడవడం. సంక్రాంతి దాటి ఆలస్యం చేస్తే చాలా గడ్లకు గింజ రాలిపోయి వట్టి ఈనెలు మిగులుతాయి. ఫిబ్రవరి నుంచి కొత్త చిగురు కోసం కొండకు నిప్పు పెట్టడం మొదలవుతుంది, ఆ తర్వాత కొలిచేది బూడిదే. ఆరు రోజుల్ని విడదీసే వీలుంటే నాలుగు రోజులు డిసెంబరులో, రెండు రోజులు ఏప్రిల్లో పెట్టుకోండి. ఏప్రిల్లో గడ్డి కొలవొద్దు. నీళ్లు ఎక్కడ మిగిలాయి, ఏ పొదను మేకలు కొరుకుతున్నాయి, ఎక్కడెక్కడ కాలింది, ఈ మూడే రాసుకోండి.

రెండోది కాగితాలు. రిజర్వు అడవి గీత లోపలికి అటవీ శాఖ అధికారి (డి.ఎఫ్.ఓ.) అనుమతి లేకుండా అడుగు పెట్టొద్దు. పెంచలకోన వైపు పెనుశిల నరసింహ అభయారణ్యంలోకి పోతే 1972 వన్యప్రాణి చట్టం 28వ సెక్షను కింద చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి కావాలి. జంతువుల్ని పట్టి కొలిచే పనికి అది చాలదు, దానికి వేరే అనుమతి. వెలిగొండ ఎర్రచందనం కొండ. టేపు, రంగు డబ్బా, కత్తి పట్టుకుని తెల్లారి చీకట్లో వాలెక్కే నలుగుర్ని చూస్తే ఎవరికైనా ఒకటే అనుమానం వస్తుంది. అనుమతి కాగితం నకలు ప్రతి జట్టు దగ్గరా ఉండాలి. ఏ రోజు ఏ బీటులో ఉంటారో ముందు రోజు సాయంత్రమే బీటు ఆఫీసరుకు మెసేజి పెట్టండి.

అంగుళం_టేపు

కొలతలు నేను చెప్తాను. అన్ని చోట్లా అన్నీ కొలవబోతే ఆరు రోజులు చాలవు. వాలును మూడు పట్టీలు చేసుకోండి: కొండపాదం, నడుమ వాలు, పైన చదును. పట్టీకి నాలుగు గీతలు, గీతకు 50 మీటర్ల టేపు, అంటే మొత్తం 12. ఇద్దరిద్దరు చొప్పున రెండు జట్లు, జట్టుకు రోజుకు రెండు గీతలు. మూడు రోజుల్లో అయిపోతుంది. ఎండెక్కాక మూడో గీత కూడా లాగేద్దామనుకోకండి, అక్కడి నుంచే తప్పులు మొదలవుతాయి.

గీత ఎక్కడ మొదలు పెట్టాలన్నది కంటికి నచ్చిన చోటు చూసి తేల్చకండి. దట్టంగా, పచ్చగా ఉన్న చోటికి కాళ్లు వాటంతటవే పోతాయి. ముందు రోజు రాత్రి మ్యాపు మీద గళ్లు గీసి చీట్లు వేసి తీయండి. ఆ బిందువు బండ మీద పడితే బండ అనే రాయండి, పక్కకు జరపొద్దు. వెలిగొండలో బండ ఎంతుందన్నదీ లెక్కలో భాగమే.

ప్రతి గీత మీద 10 మీటర్లకో చట్రం, ఒకసారి ఎడమకు వేస్తే తర్వాతది కుడికి. గీతకు ఐదు, మొత్తం 60. చట్రానికి అరంగుళం పి.వి.సి. పైపు నాలుగు ముక్కలు, నాలుగు ఎల్బోలు చాలు. ఎల్బో కొంత పొడవు కలుపుతుంది కాబట్టి పైపు సరిగ్గా మీటరు కోయకండి. బిగించి చూసి, లోపలి అంచు నుంచి లోపలి అంచుకు 100 సెం.మీ. వచ్చేలా కోయండి. రెండు ఎల్బోలకే జిగురు పెట్టండి, మిగతా రెండూ ఊడి రావాలి. పొద అడ్డొస్తే ఒక పక్క ఊడదీసి మూడు పక్కల చట్రాన్ని పొద మొదట్లోకి తోసి, లోపల నాలుగో పక్క తగిలించండి. మీరడిగిన కలివి పొదకు ఉపాయం అదే. తోలు చేతి తొడుగులు మాత్రం తప్పవు.

పొదలకు అదే గీత పక్కన 10×10 మీటర్లు, చెట్లకు 20×20 మీటర్లు. ఇక్కడ వాలు లెక్క మరిచిపోతారు. 30 డిగ్రీల వాలు మీద టేపు పరిచి 20 మీటర్లు కొలిస్తే సమతలంలో అది 17.3 మీటర్లే. సమతలంలో 20 రావాలంటే వాలు వెంట 23.1 మీటర్లు పరవాలి. కోణం చూడటానికి కోణమానిని, దారం, కింద ఒక నట్టు కట్టుకుంటే సరిపోతుంది. 10 డిగ్రీల లోపు వాలైతే తేడా పట్టించుకోనక్కర్లేదు.

60 చట్రాలు చాలతాయా అని ఎవరైనా అడుగుతారు. ఒకటి నుంచి 60 వరకు చట్రం పెరిగేకొద్దీ మొత్తం జాతులెన్నయ్యాయో గ్రాఫు గీత గీయండి. చివరి పదిలో కొత్త పేరు ఒకటో రెండో వచ్చి గీత చదునైతే చాలు. ఇంకా ఎక్కుతూనే ఉంటే రిపోర్టులో ఆ మాటే రాయండి.

కంకిచూడాలి

గడ్డి గుర్తింపు గురించి. పేరు తెలియకపోయినా ఫర్వాలేదు, నమూనా సంఖ్య మాత్రం తప్పకూడదు. పొలంలో ప్రతి కొత్త గడ్డికీ "గ-1, గ-2" అని రాసుకుంటూ పోండి. పేరు తర్వాత నిపుణులు పెడతారు. ఊళ్లో చెప్పే పేరు కూడా రాయండి, కానీ దాన్ని శాస్త్రనామంగా మార్చే తొందర వద్దు. ఒకే పేరు ఉదయగిరిలో ఒక గడ్డికి, కొండకు అవతల కడప వైపు ఇంకో గడ్డికి వాడటం మామూలే.

కొన్నింటిని పొలంలోనే పట్టుకోవచ్చు. బోదగడ్డి ఆకు నలిపితే నూనె వాసన ఘాటుగా వస్తుంది. అది సింబోపోగాన్ గుంపు. అందులో జాతి తేల్చాలంటే కంకి కావాలి. చీపుర్లకు కోసే గడ్డికి గింజ కొసన మూడు మీసాలుంటాయి, అది అరిస్టిడా. అదొక్కటే ఎక్కువగా ఉంటే నేల అరిగిందనీ, మేత అతిగా పడిందనీ అనుమానించాలి. బట్టలకు గుచ్చుకుని, మీసాలన్నీ కలిసి జడలా పెనవేసుకుపోయే ముల్లుగడ్డి హెటెరోపోగాన్ కాంటార్టస్. దాని గింజ ఒకటి అరచేతిలో పెట్టి నీటిచుక్క వేయండి. మెలి విప్పుకుంటూ మీసం గడియారం ముల్లులా తిరుగుతుంది, ఆరాక మళ్లీ మెలి పడుతుంది. గింజ కొస సూదిలా ఉంటుంది, దాని మీది నూగు వెనక్కు వాలి ఉంటుంది. కాబట్టి ప్రతి మెలికకూ ముందుకే పోతుంది కానీ వెనక్కి రాదు. నేలలోకైనా అంతే, మేజోడులోకైనా అంతే. ఒక గీత ముగించి ఇంకో పట్టీకి పోయే ముందు మేజోళ్లు, ప్యాంటు అంచులు దులుపుకోండి. లేకపోతే కింది గడ్డిని పైకి మీరే మోసుకెళ్లి విత్తినట్టవుతుంది.

నమూనా తీసేటప్పుడు గడ్డిని పైన తుంచొద్దు. చిన్న గునపంతో దుబ్బు మొదలు, వేరు కూడా రావాలి. దుబ్బుగా పెరుగుతుందా, నేలలోపల పాకుతుందా అన్నది వేరు చూస్తేనే తెలుస్తుంది. ఆకు కాండాన్ని విడిచే చోట లోపలి వైపు పొరో, నూగు వరసో ఉంటుంది. ఎండితే అది చెదిరిపోతుంది కాబట్టి పచ్చిగా ఉన్నప్పుడే ఫోను లెన్సుకు క్లిప్ లెన్స్ తగిలించి ఫొటో తీయండి. పొడుగు గడ్డిని ఎన్ అక్షరంలా మడిచి న్యూస్‌పేపరులో పెట్టండి. డిసెంబరు చెమ్మకు పేపరు రోజూ మార్చాలి. రెండు రోజులు మరిచిపోతే కంకి బూజు పట్టి నల్లబడుతుంది, ఇక దాన్నుంచి ఏమీ తేలదు. జాతికి మూడు నమూనాలు చాలు. ఒక చోట ఇరవై మొక్కల కంటే తక్కువ ఉంటే పీకొద్దు, ఫొటోతో సరి. ఎర్రచందనం రెమ్మ కూడా తుంచొద్దు.

పురుగు పట్టకుండా మెర్క్యూరిక్ క్లోరైడు పూయడం పాత పద్ధతి. అది విషం, పిల్లల చేత ఆ పని చేయించకండి. బాగా ఎండిన కట్టను ప్లాస్టిక్ సంచిలో బిగించి డీప్ ఫ్రీజరులో వారం ఉంచితే పని జరుగుతుంది.

మందబాట

@అంగుళం_టేపు గారూ, చట్రంతో ఒక చిక్కుంది. ఒకే చట్రం చూసి ఒకరు 40 శాతం గడ్డి అంటారు, పక్కవారు 65 అంటారు. నలుగురు కొత్తవాళ్లు కంటి అంచనా రాస్తే మీ 60 చట్రాల్లో కనిపించే తేడా గడ్డిదో మనుషులదో తెలియదు. కప్పుదల శాతానికి, అంటే నేలను గడ్డి ఎంత కప్పిందో చెప్పడానికి, చువ్వ పద్ధతే నయం. టేపు వెంట అరమీటరుకోసారి సన్నని ఇనుప చువ్వ నిట్టనిలువుగా దించి, మొదట ఏం తగిలిందో, కింద నేల మీద ఏముందో రెండూ రాయాలి. గీతకు 100 బిందువులు, 37 చోట్ల గడ్డి తగిలితే 37 శాతం. వాదనకు చోటుండదు.

అంగుళం_టేపు

ఒప్పుకుంటాను, కానీ సగమే. చువ్వకు అరుదైన మొక్క తగలదు. 12 గీతల్లో 1,200 బిందువులు దించినా, గీతకు రెండడుగుల దూరంలో ఉన్న ఒంటరి మొక్క లెక్కలోకి రాదు. కప్పుదలకు చువ్వ, జాతుల జాబితాకు చట్రం, రెండూ చేయండి. చట్రంలో శాతం బదులు ఐదు తరగతులు రాస్తే చాలు: 5 లోపు, 5–25, 25–50, 50–75, ఆపైన. 10 సెం.మీ. చదరపు అట్టముక్క ఒకటి జేబులో పెట్టుకోండి, చట్రంలో అది సరిగ్గా 1 శాతం. మొదటి రోజు ఒకే చట్రాన్ని నలుగురూ ఒకరికొకరు చెప్పుకోకుండా రాసి పోల్చుకోండి. తరగతులు కలిసేదాకా అసలు పని మొదలెట్టొద్దు.

చువ్వలోనూ మోసం లేకపోలేదు. పక్కనే కంకి కనిపిస్తే చెయ్యి అటు వాలుతుంది. దించేవారు చువ్వ పైకొస వైపే చూడాలి, కింద ఏం తగిలిందో రెండో మనిషి చెప్పాలి. పొద్దెక్కి గాలి లేచాక గడ్డి ఊగుతుంది, అప్పుడు ఏది తగిలిందో చెప్పలేం. కాబట్టి చువ్వ పని ఉదయం పూటే. చట్రాలు తర్వాతైనా వేసుకోవచ్చు.

గడ్డిపరక

చాలా థాంక్స్ అన్నలూ, మేడమ్ గారూ. గొర్రెల సంగతి ఇంకా మిగిలింది. మా కింది పట్టీలో డిసెంబరులోనూ మంద తిరుగుతూనే ఉంటుంది. మేసిన చోట గడ్డి తక్కువుంటే నేల తప్పా, గొర్రె తప్పా?

మందబాట

అది తేలాలంటే మేయని ముక్క ఒకటి పక్కనే ఉండాలి. వానలకు ముందే, సెప్టెంబరులో, మీటరు చదరానికి కంచె వేసిన చోట్లు పట్టీకి రెండు పెట్టండి. ఇనుప మెష్ పెడితే వారంలో మాయమవుతుంది, తప్పు ఎవరినీ అనలేం. కంప వేయండి. అయితే సర్కారు తుమ్మ కంప మాత్రం వద్దు. దాని కాయలు లోపల రాలితే మీరే తుమ్మ నాటినట్టు. రేగు కంప మేలు. కంప నీడ లోపల పడకుండా బయటి అంచుకు అరమీటరు ఎడం ఇవ్వండి, నీడలో గడ్డి తీరు మారిపోతుంది.

డిసెంబరులో కంచె లోపల ఒకటి, బయట పది మీటర్లలో ఒకటి, 50 సెం.మీ. చదరాలు తీసుకుని నేలకు రెండు మూడు సెం.మీ. పైన కొడవలితో కోయండి. పచ్చి బరువు అక్కడే తూచాలి. గుడ్డ సంచిలో గానీ కాగితం కవరులో గానీ వేయండి. ప్లాస్టిక్ కవరులో వేస్తే చెమ్మ పట్టి సాయంత్రానికి వేడెక్కుతుంది, తర్వాత తూచిన ఎండు బరువుకు అర్థం ఉండదు. కాలేజీ ల్యాబులో ఓవెన్ ఉంటే 65 డిగ్రీల దగ్గర 48 గంటలు. లేకపోతే ఎండలో, వరసగా రెండు రోజులు బరువు మారనంతవరకు. ఈ చదరంలో 1 గ్రాము అంటే హెక్టారుకు 40 కిలోలు. 35 గ్రాములొస్తే 1,400 కిలోలు.

ఆ 1,400 అంతా మేత అనుకుంటే పప్పులో కాలేసినట్టే. సగం నేలకు వదలాలి. మిగిలిన 700లో బోదగడ్డి ముదిరితే గొర్రె ముట్టదు, దాన్ని వేరుగా తూచి తీసేయాలి. 30 కిలోల గొర్రెకు ఒంటి బరువులో మూడు శాతం లెక్కన రోజుకు సుమారు 900 గ్రాముల ఎండు మేత కావాలి. ఇక భాగించుకోండి.

ముల్లుగడ్డి సంగతి ఇంకొకటి. ఉన్ని గొర్రెలున్న చోట ఆ గింజ ఉన్నిని పాడు చేస్తుందని రాస్తారు. నెల్లూరు గొర్రెకు, అది జోడిపి రకం కానీ పల్ల రకం కానీ, ఒంటి మీద ఉండేది పొట్టి వెంట్రుకే. అడ్డేమీ లేక గింజ నేరుగా చర్మంలోకి దిగుతుంది, చిగుళ్లలో గుచ్చుకుంటే గొర్రె మేత మానేస్తుంది. అందుకే కంకి రాకముందు ఆ గడ్డిని మేపుతారు, కంకి వచ్చాక మందను పక్కకు తిప్పుతారు. ఏ నెలలో ఏ వాలుకు తోలుతారో కాపరిని అడిగి రాసుకోండి. మీ మూడు పట్టీల్లో తేడాకు సగం జవాబు అక్కడే దొరుకుతుంది. అడిగే తీరు కూడా ముఖ్యం. "ఎన్ని గొర్రెలున్నాయి" అని మొదలెడితే పన్ను వాళ్లనుకుంటారు, ఇక నిజం రాదు. "ఈ గడ్డిని ఏమంటారు, ఎప్పుడు తింటాయి" అని మొదలుపెట్టండి.

మొదలంటా మేసిన మోళ్లకు పేరు పెట్టే ప్రయత్నం చేయొద్దు. "మేసిన గడ్డి, తెలియదు" అని ఒక గడి పెట్టుకోండి. ఆ గడిలో ఎంత పడిందన్నదే మేత ఒత్తిడికి కొలత.

వెలతురుపొద

జంతువుల భాగం. రెండు కెమెరాలతో "ఎన్ని ఉన్నాయి" అని చెప్పలేరు. "ఉంది" అని చెప్పగలరు. "లేదు" అని ఎప్పుడూ రాయకండి, "ఇన్ని రాత్రులు చూశాం, కనిపించలేదు" అని రాయండి.

కెమెరాను బాటకు మూడు నాలుగు మీటర్ల ఎడంగా, నేలకు 40 సెం.మీ. ఎత్తులో కట్టండి. ముఖం ఉత్తరానికో దక్షిణానికో ఉండాలి. తూర్పు పడమరలకు పెడితే పొద్దున, సాయంత్రం ఎండ నేరుగా లెన్సులో పడి బొమ్మ తెల్లబడుతుంది. ముందున్న గడ్డిని కొడవలితో తీసేయండి, లేకపోతే గాలికి ఊగిన ప్రతిసారీ ఫొటో పడి కార్డు నిండిపోతుంది. ఆ సెన్సరు వేడి తేడాను పసిగడుతుంది. ఏప్రిల్ మధ్యాహ్నం బండ, జంతువు ఒకే వేడిలో ఉంటాయి కాబట్టి ఎదురుగా పోయినా పట్టదు. మనుషుల బొమ్మలు పడతాయి, కట్టెలకు వచ్చే ఆడవాళ్లవి కూడా. కెమెరా ఎక్కడ పెట్టారో ఊళ్లో ముందే చెప్పండి, ఆ బొమ్మలు ఎవరికీ పంపకండి.

కెమెరా కంటే చవకైనది మట్టి పట్టీ. బాటకు అడ్డంగా 5 మీటర్ల పొడవు, 25 సెం.మీ. వెడల్పున నేల గీకి, సన్నగా జల్లించిన మట్టి సెంటీమీటరు మందాన పోసి చెక్కతో చదును చేయండి. సాయంత్రం గొర్రెలు దిగిపోయాక పరిచి, తెల్లారి అవి ఎక్కక ముందే చూడాలి. గంట ఆలస్యమైతే మీ పట్టీ మీద 200 గిట్టలుంటాయి. అడుగు పక్కన స్కేలు పెట్టి నిట్టనిలువుగా పైనుంచి ఫొటో తీయండి. ఏటవాలుగా తీసిన ఫొటో నుంచి కొలత రాదు. కుక్క అడుగుకూ తోడేలు అడుగుకూ ఒక్క గుర్తుతో తేడా చెప్పలేం. మంద దగ్గర కుక్కలు ఎన్నున్నాయో ముందు లెక్కపెట్టి, సందేహం ఉంటే "కుక్క జాతి" అని వదిలేయండి.

పెంటికలు చూసి చెప్పడం మీ చోట కష్టం. మేకవీ, గొర్రెవీ, కొండగొర్రెవీ (అంటే నాలుగు కొమ్ముల జింకవీ) కలిసిపోతాయి. చెవులపిల్లి పెంటిక మాత్రం తేలిక: గుండ్రంగా, కాస్త అణిగి, విరిస్తే ఎండుపీచు కనిపిస్తుంది. కొండగొర్రెకు ఒకే చోట మళ్లీ మళ్లీ వేసే అలవాటుంది. పాతవీ కొత్తవీ కలిసిన కుప్ప పొద చాటున కనిపిస్తే అక్కడ కెమెరా పెట్టండి. ఊరికే బాట మీద కట్టడం కంటే అది నయం. దుమ్ములగొండి ఎముకలు నమలడం వల్ల దాని పెంట ఎండితే సున్నంలా తెల్లబడుతుంది. ఎలుగుబంటి పెంటలో రేగు గింజలు, చిట్టీత గింజలు లెక్కపెట్టొచ్చు. ఏ పండు కాలంలో ఏ వాలుకు దిగుతోందో కూడా అందులో తెలుస్తుంది.

ఇక కలివికోడి, అంటే జెర్డాన్స్ కోర్సర్ అనే అరుదైన పిట్ట. అందరూ చివరికి అడిగేది దాని గురించే. దీన్ని 1848లో ప్రపంచానికి చెప్పిన జెర్డాన్ నెల్లూరులో సివిల్ సర్జనుగా పనిచేసినవాడే. పిట్టల, పాముల సంగతులు చాలా యానాదుల దగ్గర తెలుసుకున్నాడు. 1900 తర్వాత ఎవరికీ కనిపించక, 1986లో కడప జిల్లా లంకమల దగ్గర మళ్లీ దొరికింది. దట్టమైన అడవీ దానికి పనికిరాదు, బోడి బీడూ పనికిరాదు. రెండు మీటర్లు దాటిన పొదలు హెక్టారుకు 300 నుంచి 700, చిన్న పొదలు వెయ్యి లోపు ఉన్న చోటే ఎక్కువగా ఉంటుందని లంకమల పరిశోధనల్లో తేలింది. మీ 10×10 మీటర్ల చదరంలో అంటే పెద్ద పొదలు మూడు నుంచి ఏడు, చిన్నవి పది లోపు. కాబట్టి పొదల్ని "కలివి ఎన్ని, బలుసు ఎన్ని, వెలతురు ఎన్ని, బందారు ఎన్ని" అని రాసేటప్పుడే రెండు మీటర్లకు పైన, కింద అని రెండు గళ్లు పెట్టుకోండి. పైసా ఖర్చు లేదు. తర్వాత ఆ పిట్ట కోసం ఎవరు వెతకాలన్నా మీ లెక్క వాళ్లకు మొదటి మ్యాపు అవుతుంది. రికార్డు చేసిన కూత వినిపించి పిలవడం మాత్రం చేయకండి. అనుమతి ఉన్నవాళ్లు చేయాల్సిన పని అది.

రాళ్ల కింద చూస్తే రాయిని మీ వైపుకు ఎత్తండి, అంటే తెరుచుకునే పక్క అవతలికి ఉండాలి. పింజరి పాము ఉంటే అటు పోతుంది. చూశాక రాయిని ఉన్న గుంటలోనే, ఉన్న తీరులోనే పెట్టాలి. తిరగేసి వదిలేస్తే దాని కింద చెమ్మ ఆరిపోయి అక్కడి ప్రాణులన్నీ పోతాయి. పాము కాటుకు మందు ఏ ఆసుపత్రిలో ఉందో కొండెక్కక ముందే ఫోను చేసి కనుక్కోండి.

తిప్పమీద

దీనికి చిన్న చేర్పు. అలుగు (ఒంటి నిండా పొలుసులుండే జంతువు), నక్షత్ర తాబేలు, ఎర్రచందనం, వీటి జి.పి.ఎస్. బిందువులు రిజిస్టరులో గానీ గ్రూపుల్లో గానీ పూర్తిగా పెట్టొద్దు. దశాంశం తర్వాత ఒక్క అంకెకు కుదించండి, సుమారు 11 కిలోమీటర్ల గడి అవుతుంది. అసలు అంకెలు అటవీ శాఖకు ఇచ్చే కాపీలోనే ఉండాలి. ఫొటోలు గ్రూపులో పెట్టేముందు లొకేషన్ సమాచారం తీసేయండి. చాలామంది మ్యాపును దాచిపెట్టి ఫొటోతో చోటు చెప్పేస్తారు.

మళ్లీ ఐదేళ్లకు ఇదే గీతల మీద ఎవరైనా కొలవాలంటే ఇనుప మేకు పాతితే లాభం లేదు, ఊడదీసుకుపోతారు. కదలని బండ మీద పసుపు రంగు చుక్క, అక్కడి నుంచి దిక్సూచి డిగ్రీలు, గీత మొదట్లో నిలబడి తీసిన ఫొటో, ఈ మూడూ కలిపి రాయండి. ఫోను జి.పి.ఎస్. తప్పు 5 మీటర్లకు తగ్గేదాకా నిలబడి, ఆ తప్పు ఎంతో కూడా నోట్ చేయండి. పెన్సిలుతో రాయండి. మంచుకు బాల్‌పెన్ను రాదు, జెల్‌పెన్ను అలుక్కుపోతుంది.

రిపోర్టులో ఇంకో మాట. రెవెన్యూ కాగితాల్లో ఈ వాలు కొంత బంజరు అని ఉంటుంది. అది చూసి ఎవరో మొక్కలు నాటే పథకం తెస్తారు, గడ్డి మీద నీడ పడి మేతా పోతుంది, కలివికోడి చోటూ పోతుంది. మీరు "బంజరు" అన్న మాట వాడకుండా "గడ్డి నేల" అనే రాయండి, పక్కన మీ కప్పుదల శాతం వేయండి.

గడ్డిపరక

కంప కంచెలు సెప్టెంబరులో వేస్తాం, గీతలు డిసెంబరు 10 నుంచి. ఒకే సందేహం. చువ్వ కోసం 4 మి.మీ. ఇనుప రాడ్ ఒకటిన్నర మీటరు దొరికింది. సరిపోతుందా?

మందబాట

పొడవు సరిపోతుంది తమ్ముడూ. కానీ కొస మొద్దుగా ఉంటే ఆకును తోసుకుంటూ దిగి, తగలనిది కూడా తగిలినట్టు అనిపిస్తుంది. ఆకురాయితో సూదిగా అరగదీయించు. కింది నుంచి 10 సెం.మీ.కో ఎర్ర టేపు చుట్టు, గడ్డి ఎత్తు కూడా అదే చువ్వతో వస్తుంది. పై కొసకు మాత్రం రబ్బరు బుడిపె తగిలించు, వాలు మీద జారితే కంటికి తగలకుండా.